250 బోర్డుల వేటలో ఇంటరాక్టివ్ మ్యాప్: చోటు చెబుతుంది, దారి మనమే వెతుక్కోవాలి

నరసాపురం రేవులో నిలబడితే ఎదురుగా సఖినేటిపల్లి కనబడుతూనే ఉంటుంది. మ్యాప్‌లో అయితే వేలెడు దూరం. రేవు దాటించే పంటు తిరగని రోజున మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. ఫోర్జా హొరైజన్ 5లో బోర్డుల కోసం ఇంటరాక్టివ్ మ్యాప్ తెరిచేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే సగం చికాకు తప్పుతుంది. పిన్ పెట్టినవాడు బోర్డు ఎక్కడుందో చెప్పాడు, అంతే. వశిష్ఠ గోదావరి ఎలా దాటాలన్నది మన గొడవ.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్లేగ్రౌండ్ గేమ్స్ తయారుచేసిన ఈ కార్ల రేసు వీడియో గేమ్ 2021 నవంబరులో వచ్చింది. పీసీలోనూ, ఎక్స్‌బాక్స్‌లోనూ ఉంది, 2025 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5కి కూడా వచ్చింది. కథంతా మెక్సికోలో నడుస్తుంది. పీసీలో 110 జీబీ ఖాళీ ఉంచుకోవాలి. రేసుల సంగతి అలా ఉంచితే, దేశమంతటా 250 బోనస్ బోర్డులు దాచిపెట్టారు. అందులో 200 ఎక్స్‌పీ బోర్డులు, 50 ఫాస్ట్ ట్రావెల్ బోర్డులు. కారుతో గుద్ది పగలగొట్టాలి. ఎక్స్‌పీ అంటే లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు, ఈ బోర్డు ఒక్కోటి 1,000 గానీ, 3,000 గానీ, 5,000 గానీ ఇస్తుంది. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఒక వీల్‌స్పిన్ (బహుమతి చక్రం తిప్పే అవకాశం) వస్తుంది కాబట్టి ఇవి ఊరికే పోవు.

అసలు రుచి మాత్రం ఫాస్ట్ ట్రావెల్ బోర్డుల్లో ఉంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎగిరి వాలాలంటే మొదట్లో ప్రతిసారీ 10,000 క్రెడిట్లు (ఆటలోని డబ్బు) కట్టాలి. ఒక్కో బోర్డు పగిలితే అందులో 200 తగ్గుతుంది. 25 పగిలేసరికి 5,000, మొత్తం 50 అయ్యేసరికి ఉచితం. మెలిక ఏమిటంటే, మ్యాప్‌లో నచ్చిన రోడ్డు మీద వాలాలంటే ముందు లుగార్ ట్రాంకీలో అనే ఇల్లు కొనాలి. దాని ధర 20 లక్షల క్రెడిట్లు. ఇల్లు కొనకుండా 50 బోర్డులూ పగలగొట్టినా ఆ రాయితీతో పెద్దగా పని పడదు. కాబట్టి ముందు డబ్బు కూడబెట్టి ఇల్లు కొనండి, తర్వాత ఫాస్ట్ ట్రావెల్ బోర్డుల మీద పడండి, ఎక్స్‌పీ బోర్డుల్ని చివరికి ఉంచండి. మ్యాప్ చేతికి రాగానే 250 పిన్‌లూ ఒకేసారి తెరిచి కూర్చునేవాళ్లు ఈ వరసను తలకిందులు చేసుకుని, తర్వాత దారి ఖర్చులు పెట్టుకుంటూ తిరుగుతారు.

మ్యాప్‌లు రెండు రకాలు. ఒకటి ఆట తయారుచేసినవాళ్లే విడిగా అమ్మే ట్రెజర్ మ్యాప్. కొన్న వెంటనే బోర్డుల గుర్తులు ఆట మ్యాప్ మీదే వెలుస్తాయి. ఇంకో తెర అక్కర్లేదు, పగిలిందీ పగలనిదీ అదే చెబుతుంది. పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో రూపాయల్లో, యూపీఐతో కట్టేయొచ్చు. రెండోది బయటివాళ్లు చేసిన, బ్రౌజర్‌లో తెరుచుకునే థర్డ్ పార్టీ ఇంటరాక్టివ్ మ్యాప్. ఇలాంటివి చాలానే ఉన్నాయి, ఎక్కువమంది వాడేది మ్యాప్‌జీనీ. ఇక్కడ చెప్పేది ఈ రెండో రకం గురించే.

ఈ మ్యాప్‌ల పనితీరు అందరికీ తెలిసిందే. పక్కన రకాల పట్టీ ఉంటుంది, ఫాస్ట్ ట్రావెల్ బోర్డులు, ఎక్స్‌పీ బోర్డులు, బార్న్ ఫైండ్‌లు (పాకల్లో దాచిన పాత కార్లు) వగైరా. అన్నీ దాచేసి, కావలసిన ఒక్కదాన్నే తెరవొచ్చు. పిన్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది, అందులో దొరికిందని టిక్ పెట్టుకోవాలి. లాగిన్ అయి ఉంటే ఆ టిక్ నిలబడుతుంది. ఉచిత ఖాతాలో టిక్కులకి ఒక పరిమితి ఉంటుంది, దాటితే డబ్బు కట్టమంటుంది. ఆ పరిమితి అసలు అడ్డం కాదని చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

పెద్ద లోపం వేరే ఉంది. ఈ మ్యాప్ మన సేవ్‌ని, అంటే ఆట దాచుకునే మన లెక్కని, చదవదు. ఆటలో ఏం పగిలిందో దానికి తెలియదు, మనం వేలితో పెట్టిన టిక్కులే దాని లెక్క. ఆరంగుళాల ఫోను తెర మీద పట్టణంలో రెండు పిన్‌లు ఆనుకుని ఉంటే, బొటనవేలు పక్కదాని మీద పడుతుంది. అప్పుడు ఆటలో 31 పగిలాయి, మ్యాప్‌లోనూ 31 టిక్కులున్నాయి. అంకె కుదిరింది కదా అని ముందుకెళ్లిపోతాం. కుదిరింది అంకె ఒక్కటే, చోట్లు కుదరలేదు. పగలని బోర్డు మీద టిక్ పడి కూర్చుంది, పగిలినది ఖాళీగా మిగిలింది. ఈ తప్పు 249 దగ్గరే బయటపడుతుంది. అప్పటికి ఏ టిక్ తప్పో చెప్పేవాడు ఉండడు. టిక్ పెట్టే ముందు బాగా జూమ్ చేసి, రెండు పిన్‌లు వేలెడు ఎడం అయ్యాకే నొక్కడం ఒక్కటే మందు.

మరి ఎలా వాడాలి? మొదటి 150 బోర్డుల దాకా బయటి మ్యాప్ తెరవకపోవడమే మేలు. అతిశయోక్తిలా అనిపించవచ్చు గానీ కారణం ఉంది. రేసులకి వెళ్తూ వస్తూ, రోడ్లు తొక్కుతూ ఉంటే బోర్డులు వాటంతట అవే ఎదురవుతాయి. దగ్గరికి వెళ్లగానే ఆట మ్యాప్‌లో ఆ గుర్తు పడుతుంది. పగలగొట్టకుండా వదిలేస్తే గుర్తు వెలుగుతూ ఉంటుంది, పగిలినది మసకబారుతుంది. అంటే చూసి వదిలేసిన వాటి జాబితా ఆటలోనే తయారవుతోంది. ఆట మ్యాప్‌లో ఫిల్టర్ తెరిచి బోర్డులు తప్ప మిగతావన్నీ తీసేస్తే ఆ జాబితా కళ్లముందు ఉంటుంది. దాని మీద పని పూర్తయ్యాక, అసలు కంటపడనివే మిగులుతాయి. బయటి మ్యాప్ అవసరం అక్కడే మొదలవుతుంది. ఈ పద్ధతిలో బయటి మ్యాప్‌లో టిక్కులు పెట్టే పనే దాదాపు ఉండదు, ఉచిత ఖాతా పరిమితి సంగతి అడిగేవాడూ ఉండడు.

అప్పుడు కూడా మొత్తం మెక్సికోని ఒకేసారి చూడకూడదు. చేను కోసినట్టు మడి తర్వాత మడి పట్టాలి. ఎనిమిదో పదో ముక్కలు చేసుకుంటే ఒక్కో ముక్కలో పాతిక, ముప్ఫై బోర్డులు వస్తాయి. గీతలు గీసేటప్పుడు కంటికి ఆనే హద్దులు తీసుకోండి. బాహా తీరం, గ్వానహువాతో నగరం, గ్రాన్ కాల్డెరా అగ్నిపర్వతం, ఇసుక దిబ్బలు, ములెహె ఊరు, అడవి, ఇలా. ఒక మడిలో బయటి మ్యాప్‌ని, ఆట మ్యాప్‌ని పక్కపక్కన పెట్టి చూడాలి. బయట పిన్ ఉండి ఆటలో ఏ గుర్తూ లేకపోతే అది మిగిలిపోయిన బోర్డు. దాన్ని మాత్రమే గుర్తు పెట్టుకుని, అక్కడికే వెళ్లాలి. ఒక మడి పూర్తిగా మసకబారాకే గట్టు దాటాలి.

దిక్కుల గందరగోళం కూడా ఉంటుంది. బయటి మ్యాప్‌లో ఉత్తరం ఎప్పుడూ పైనే. ఆటలో మూలన ఉండే చిన్న మ్యాప్ కారు తిరిగినట్టల్లా తిరుగుతుంది. ఫోనులో పిన్ రోడ్డుకి కుడిపక్క కనబడితే, దక్షిణానికి పోతున్న కారుకి అది ఎడమపక్క అవుతుంది. కాబట్టి కుడి ఎడమలు లెక్కపెట్టుకోకుండా, ఆటలో పెద్ద మ్యాప్ తెరిచి అదే చోట వేపాయింట్ (గమ్యం గుర్తు) పెట్టడం మంచిది. ఆ వేపాయింట్‌కి దారి చూపే గీత మాత్రం రోడ్డు వెంబడే పోతుంది. బోర్డు పొలంలో ఉన్నా, కొండ మీద ఉన్నా, గీత దగ్గరి రోడ్డు దాకా తీసుకెళ్లి ఆగిపోతుంది. అక్కడి నుంచి మట్టిలోకి దిగాలి.

అందుకని కారు ఎంపిక ముఖ్యం. ఆట మొదట్లో మూడు కార్లు చూపిస్తుంది, 2020 కార్వెట్, 2020 సుప్రా, 2021 ఫోర్డ్ బ్రాంకో. బోర్డుల పనికి బ్రాంకో చాలు. పొదలు, కంచెలు, నాగజెముళ్లు దీనికి లెక్కలేదు. పెద్ద చెట్టుకి తగిలితే మాత్రం ఆగిపోతుంది. వేగం కార్లతో దిబ్బల్లో బోర్డుల వేటకి వెళ్లడం, చెప్పులేసుకుని ఊడుపు మడిలో దిగినట్టే. గాల్లోకి ఎగిరి కొట్టాల్సిన బోర్డులు కొన్ని ఉన్నాయి, వాటికి మాత్రం పరుగు ఉన్న బండి కావాలి. రెండు బండ్లు చాలు, మూడోది దండగ.

ఇక గ్వానహువాతో. ఈ మ్యాప్‌ల అసలు పరీక్ష ఇక్కడే. నిజం గ్వానహువాతో కొండవాలు మీద కట్టిన ఊరు, కింద సొరంగ రోడ్లున్నాయి. ఆటలోనూ అలాగే. అంటే ఒకే పిన్ కింద మూడు అంతస్తులు ఉండొచ్చు, సొరంగం, వీధి, మేడ. మ్యాప్‌కి ఎత్తు తెలియదు. మన పూతరేకుకైనా మడతలుంటాయి, దీనికి అదీ లేదు. పైగా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి ఎత్తు అంటే ఏటిగట్టో, కొబ్బరిచెట్టో. తలెత్తి చూసే అలవాటు తక్కువ. పిన్ మీదకొచ్చి వీధంతా రెండుసార్లు తిరిగి, బోర్డు లేదని, మ్యాప్ తప్పని తేల్చేస్తాం. మ్యాప్ తప్పు కాదు, బోర్డు మనకి సరిగ్గా నెత్తి మీద ఉంది.

ఒక పిన్ ఇళ్ల వరుస మధ్యలో పడిందనుకోండి. కారు పిన్ పక్క వీధిలో ఆపి, ఆటలోనే ఉండే ఎగిరే కెమెరా, డ్రోన్ మోడ్ తెరవాలి. డ్రోన్‌ని తిన్నగా పైకి లేపి, పిన్ ఉన్న చోట మేడల మీద చుట్టూ ఒకసారి చూడాలి. బోర్డు కనబడితే అది మేడ లెక్క. డ్రోన్‌తో పగలదు, కారుతోనే పగలాలి. కాబట్టి డ్రోన్ దించకుండానే, ఆ మేడకి ఎత్తులో సమానంగా గానీ, ఇంకా పైన గానీ ఉన్న వీధి ఏదో వెతకాలి. కొండవాలు ఊరు కదా, కింది వీధి ఇంటి కప్పు చాలాసార్లు పై వీధికి అంచున ఆనుకుని ఉంటుంది. మెట్లు, వాలుగా పోసిన మట్టి, విరిగిన గోడ, ఇలాంటి ఏదో ఒక దారి లేకుండా ఆటవాళ్లు బోర్డు పెట్టరు. దారి దొరికాక కారుని దానికి తిన్నగా వెనక్కి తీసుకెళ్లి పరుగు ఇవ్వాలి. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి, అందకపోతే 20 చొప్పున పెంచడం నయం. అందరూ చేసే తప్పు, మొదటిసారే 200 మీద వచ్చి బోర్డు మీదుగా ఎగిరి అవతలి వీధిలో పడటం. అప్పుడు మళ్లీ ఊరంతా చుట్టి రావక్కర్లేదు, రివైండ్ నొక్కితే అంచు దగ్గరికి వెనక్కి వస్తుంది, వేగం తగ్గించి మళ్లీ కొట్టొచ్చు. ఆన్‌లైన్ జనంతో సంబంధం లేకుండా హొరైజన్ సోలోలో ఉంటే ఈ పని ప్రశాంతంగా సాగుతుంది.

మేడల మీద ఏమీ కనబడకపోతే సొరంగమే. డ్రోన్ మూసేసి, పెద్ద మ్యాప్‌లో ఆ పిన్ గుండా పోయే దారుల్లో వీధికి కలవకుండా అడ్డంగా దాటిపోయేది ఉందేమో చూడాలి. ఉంటే దాని చివర ఎక్కడ బయటికొస్తుందో పట్టుకుని అక్కడి నుంచి లోపలికి రావాలి. పైన నిలబడి కింద దారి వెతకడం వృథా.

ప్రతి పిన్ దగ్గరా ఫొటో గానీ, ఒక వాక్యం గానీ ఉంటే ఈ గోలంతా తగ్గేది. కొన్ని పిన్‌లకి ఉంటుంది, చాలావాటికి ఉండదు. మేడ, సొరంగం, గాల్లో అని మూడు గుర్తులు పెట్టి ఉంటే ఈ మ్యాప్‌లకి అయిదుకి అయిదు వేసేవాళ్లం. ఇప్పటికి నాలుగు. ఆ తగ్గిన ఒకటీ గ్వానహువాతో ఖాతాలోదే.

మన ప్రాంతానికి సంబంధించిన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ఈ మ్యాప్ చిన్న చిన్న బొమ్మల ముక్కలుగా లోడ్ అవుతుంది. జూమ్ చేసిన ప్రతిసారీ కొత్త ముక్కలు దిగాలి. వానాకాలంలో లంక గ్రామాల్లో సిగ్నల్ రెండు గీతలకి పడిపోయినప్పుడు పిన్‌లు వస్తాయి, కింద నేల మాత్రం బూడిదరంగు గళ్లుగా ఉండిపోతుంది. ఆ స్థితిలో పిన్ చూసి లాభం లేదు. అందుకని సిగ్నల్ బాగున్నప్పుడే ఆ రోజు మడి మొత్తం జూమ్ చేసి, పూర్తిగా లోడ్ అయ్యాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత నెట్ లేకపోయినా గ్యాలరీలో ఆ బొమ్మ తెరిచి, పగిలిన వాటి మీద ఫోను ఎడిటర్‌లోనే ఎర్రగీత కొట్టుకోవచ్చు. ఇంకా తేలిక కావాలంటే పది మడులవీ పది స్క్రీన్‌షాట్లు తీసుకెళ్లి ఏ జిరాక్స్ షాపులోనైనా ఏ4 మీద కలర్ ప్రింట్ తీయించండి. పెన్నుతో సున్నా చుడితే పక్క పిన్ మీద పడే ప్రశ్నే లేదు. నలుపు తెలుపులో తీయించొద్దు, ఫాస్ట్ ట్రావెల్‌కీ ఎక్స్‌పీకీ తేడా తెలియదు.

పాత ఫోనుల్లో ఇంకో బాధ ఉంది. బ్రౌజర్ వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చేసరికి పేజీ మొదటి నుంచి లోడ్ అవుతుంది, పెట్టుకున్న ఫిల్టర్లు పోయి అన్ని రకాల పిన్‌లూ చీమలబారులా తెరమీదకొస్తాయి. మెమరీ చాలక జరిగే పని అది. మిగతా యాప్‌లు మూసేసి, మ్యాప్ ఒక్కటే తెరిచి ఉంచాలి. పీసీలో ఆడేవాళ్లు రెండో మానిటర్ ఉంటే అందులో పెట్టుకోవచ్చు. ఒకే తెర మీద ఆల్ట్ ట్యాబ్ కొడుతూ ఆడటం మాత్రం ఎవరికీ సిఫార్సు చేయం, చూసిన చోటు తిరిగొచ్చేసరికి మరిచిపోతాం.

కరెంటు పోయినప్పుడు ఆట నష్టం తక్కువ, అది తనంతట తానే సేవ్ చేసుకుంటూ ఉంటుంది. అయితే ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే చాలా పీసీలు రీస్టార్ట్ అవుతాయి, దానికి వేరే యూపీఎస్ కావాలి. తిరిగి ఆన్ అయ్యాక చివరి బోర్డు మసకబారిందో లేదో ఆట మ్యాప్‌లో చూసుకుని మరీ కాగితం మీద సున్నా చుట్టండి. బోర్డు పగిలినప్పుడు తెరమీద ఎన్నోదో చూపిస్తుంది గదా, ఆ అంకెని ప్రింటు మూలన రాసి పెట్టుకుంటే ఎక్కడ ఆగామో తేలిపోతుంది.

మిగతా వస్తువులకి ఈ మ్యాప్ ఎంతవరకు? బార్న్ ఫైండ్‌లకి బాగానే పనికొస్తుంది. పుకారు రాగానే ఆట ఊదారంగు వలయం చూపిస్తుంది, వలయంలో పాకను వెతకడం మన పని, మ్యాప్ ఆ వెతుకులాట తగ్గిస్తుంది. వలయంలో వెతకడమే సరదా అనుకునేవాళ్లు ఈ పొర తెరవకపోవడం మంచిది. 578 రోడ్లు తొక్కే పనికి మాత్రం ఇది అనవసరం. తొక్కని రోడ్డు ఆట మ్యాప్‌లోనే బూడిదరంగులో ఉంటుంది. చివరి రెండు మూడు రోడ్లు దొరకవు, కారణం అవి పెద్ద రోడ్డు పక్కన మూరెడు తోకలు. పూర్తిగా జూమ్ చేసి, మడి మడీ చూడటం తప్ప అడ్డదారి లేదు. హాట్ వీల్స్, ర్యాలీ అడ్వెంచర్ అనే రెండు అదనపు భాగాలకి వేరే మ్యాప్‌లు, వాటిలో బోర్డులు ఈ 250లో కలవవు. బయటి మ్యాప్‌లో ఏ పొర తెరిచామో చూసుకోకపోతే లేని బోర్డు కోసం మెక్సికో అంతా గాలించాల్సి వస్తుంది.

వారం వారం వచ్చే ట్రెజర్ హంట్ పెట్టెలకీ ఈ పిన్‌లకీ సంబంధం లేదు. అవి మన టైములో గురువారం రాత్రి 8 గంటలకి మారతాయి. ముందు పొడుపుకథ విప్పి, చెప్పిన కారుతో చెప్పిన పని చేస్తే గానీ పెట్టె ఉన్న వలయం తెరుచుకోదు.

డబ్బు సంగతి. బయటి మ్యాప్‌కి కట్టాలనుకుంటే విదేశీ చెల్లింపు కాబట్టి కార్డులో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ముందే ఆన్ చేసుకోవాలి, లేకపోతే చెల్లింపు తిరస్కరిస్తుంది. పైన చెప్పినట్టు మడుల పద్ధతిలో వెళ్తే ఆ అవసరం రాదు. ఎవరి సహాయమూ లేకుండా ఒక్క తెర మీదే పని అయిపోవాలి, కాగితాలూ సున్నాలూ మా వల్ల కాదు అనేవాళ్లు ఆటవాళ్ల ట్రెజర్ మ్యాప్ కొనుక్కోవడం నయం. అది కొన్నా సొరంగమా మేడా అన్నది చెప్పదు, డ్రోన్ ఎగరేయాల్సిందే.